మూడు బిళ్ళలకు ఆయుధపూజ

రామాంజినప్ప ఉద్యోగం పేరు ఒక్క గుక్కలో చదవడం కష్టం. యలహంక పాత ఊరి చివర ఉన్న శ్రీ విద్యాధర కాలేజీలో మెట్ల పక్క గది తలుపు మీద నీలం బోర్డు ఉండేది: 'మేనేజరు, గ్రంథాలయ మరియు సాంకేతిక సేవల విభాగం'. విభాగంలో ఎంతమంది ఉన్నారని కొత్తవాళ్లెవరైనా అడిగితే అతను ఒక వేలు తన గుండె మీద పెట్టుకుని, ఇంకో వేలితో వాకిట్లో స్టూలు మీద కూర్చున్న అటెండరు గంగప్పను చూపించేవాడు. గంగప్పకు కాలేజీ గంట కొట్టే పని కూడా ఉంది కాబట్టి విభాగం మొత్తం ఒకటిన్నర మనిషి.

కాలేజీ పెద్దదేం కాదు. బెంగుళూరులో వీధికో ఇంజనీరింగు కాలేజీ లేస్తున్న రోజుల్లో, మేము పిల్లలకు ఆలోచించడం నేర్పిస్తామని భీష్మించుకుని కూర్చున్న కాలేజీ అది. చరిత్ర, అర్థశాస్త్రం, తత్వశాస్త్రం, సాహిత్యం, కాస్త సంగీతం. మూడువందల నలభై మంది పిల్లలు, ఇరవై ఇద్దరు లెక్చరర్లు, పద్నాలుగువేల రెండువందల పుస్తకాలు. ఈ అంకెల్లో రామాంజినప్పకు ఇష్టమైంది చివరిదొక్కటే.

అతనిది బాగేపల్లి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చిక్కబళ్ళాపురంలో బి.ఏ. చదివి, గ్రంథాలయ శాస్త్రంలో ఒక సర్టిఫికెట్ సంపాదించి 1992లో ఇక్కడ అసిస్టెంటుగా చేరాడు. పాత లైబ్రేరియన్ రిటైరైతే ఆ కుర్చీ ఇతనికే వచ్చింది. అప్పటి ఆరేళ్లూ అతని జీవితంలో ఎవరి మీదా విసుక్కోని కాలం. పొద్దున్నే కిటికీలు తెరవడం, మైదాపిండిలో మైలుతుత్తం కలిపి జిగురు కాచి చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం, ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు తన గుండ్రటి అక్షరాలతో రాసి చెక్క సొరుగుల్లో వరసగా పెట్టడం. ఏ పుస్తకం ఎక్కడుందో ఆ కార్డు చెప్పేది. మనిషితో పనిలేదు, మాటతో పనిలేదు. అతనికి అదే కావాలి.

1998లో ప్రిన్సిపాల్‌గా డాక్టర్ అచ్యుత్ వచ్చాడు. రాజమండ్రి మనిషి, ఢిల్లీలో చదివాడు, నవ్వుతూ మాట్లాడతాడు. ఆ నవ్వుకు భయపడాలని రామాంజినప్పకు అప్పుడు తెలియదు. ఆయన వచ్చిన మూడో నెల ఎవరో దాత మూడు కంప్యూటర్లు ఇచ్చాడు. వాటినెవరు చూసుకోవాలి అన్న చర్చ స్టాఫ్ మీటింగులో నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.

"చూడండి రామాంజినప్ప గారూ, సింపుల్‌గా ఆలోచించండి," అన్నాడు అచ్యుత్. "పుస్తకాల్లో ఉండేదీ ఇన్ఫర్మేషనే, కంప్యూటర్లో ఉండేదీ ఇన్ఫర్మేషనే. మీరు ఇన్ఫర్మేషన్ మనిషి."

"సార్, నాకు దాన్ని ఎట్ల ఆన్ చెయ్యాలో కూడా తెలీదు."

"అదేనండీ అందం. ఇక్కడ ఎవరికీ తెలీదు. మీరు నేర్చుకుంటే మీకొక్కరికే తెలుస్తుంది."

మరుసటి వారం నీలం బోర్డు వచ్చింది.

అతను నేర్చుకున్నాడు. అదే అతను చేసిన తప్పు. మల్లేశ్వరంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున క్లాసులకు వెళ్లి, తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని ఆరు నెలల్లో నేర్చుకున్నాడు. ఆరో నెల నుంచి కాలేజీలో కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ అతని నెత్తి మీదికి వచ్చింది. ప్రొజెక్టర్ వెలగకపోతే రామాంజినప్ప. ఆడిటోరియం మైకు కీచుమంటే రామాంజినప్ప. ఒకసారి క్యాంటీన్ వాళ్లు గ్రైండర్ తెచ్చి లైబ్రరీ బల్ల మీద పెట్టి వెళ్లారు.

కంప్యూటర్ గదికి ఏసీ ఉంది, నేల మీద తివాచీ ఉంది కాబట్టి చెప్పులు బయట విడవాలని అచ్యుత్ రూలు పెట్టాడు. దాంతో చెప్పులు మారిపోయిన పిల్లలందరూ సాంకేతిక సేవల విభాగానికే ఫిర్యాదు చేసేవాళ్లు. పుస్తకం ఎక్కడుందో చెప్పాల్సిన మనిషి ఎడమకాలి చెప్పు ఎక్కడుందో వెతికేవాడు. మౌసు అడుగున ఉండే రబ్బరు బంతుల్ని గోలీలాడటానికి ఎవరో ఎత్తుకుపోయేవాళ్లు. ఇంటర్నెట్ ప్రిన్సిపాల్ గది ఫోను లైను మీదే వచ్చేది, ఆయన ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ తెగేది. తెగిన ప్రతిసారీ తత్వశాస్త్రం లెక్చరరు తలుపు తీసుకుని వచ్చి "మళ్లీ పోయిందండీ" అని, అందులో రామాంజినప్ప చెయ్యేదో ఉన్నట్టు చూసేవాడు. ఆయన దగ్గర లైబ్రరీ పుస్తకాలు యాభై మూడు ఉన్నాయి. వాటిలో కొన్ని పదేళ్ల నుంచి ఉన్నాయి. అడిగితే, పుస్తకం ఎవరిది అనే ప్రశ్నే తప్పు అంటాడు.

కాలేజీ మొత్తంలో తీసుకున్న పుస్తకం గడువులోపల తెచ్చిచ్చేది ఇంగ్లీషు సాహిత్యం చెప్పే జెస్సీ ఒక్కతే. ఒంగోలు నుంచి వచ్చిన మనిషి. ఆ ఒక్క గుణానికే రామాంజినప్ప ఆమెను దేవతతో సమానంగా చూసేవాడు.

అసలు దెబ్బ కార్డుల దగ్గర తగిలింది. పుస్తకాల వివరాలన్నీ, అందుకోసమే కొన్న నాలుగో పెద్ద కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు అచ్యుత్. రామాంజినప్ప రోజుకు పది, పదిహేను చొప్పున, మధ్యలో చెప్పులు వెతుక్కుంటూ, ఐదేళ్లు టైపు చేశాడు. 2003 వేసవికి పద్నాలుగువేల రెండువందలూ పూర్తయ్యాయి. పూర్తయిన పదో రోజున కార్డుల చెక్క బీరువా మాయమైంది. సొరుగులు క్యాంటీన్‌లో తేలాయి, వాటిలో మెంతులు, ధనియాలు. కార్డులు పరీక్షల విభాగం పట్టుకుపోయింది. వెనకవైపు ఖాళీగా ఉన్నాయి కదా అని వాటి మీద రోల్ నంబర్లు వేసి బెంచీలకు అంటించేశారు. పరీక్షలయ్యాక నీళ్లు పోసి గీకేశారు.

"సార్, అవి పదకొండేండ్లు రాసినాను," అన్నాడు రామాంజినప్ప ప్రిన్సిపాల్ గదిలో నిలబడి.

"కంప్యూటర్లో ఉన్నాయి కదండీ."

"ఉండాయి సార్. అయినా."

"ఆ 'అయినా' దగ్గరే మనం ఆగిపోతున్నామండీ," అని అచ్యుత్ నవ్వాడు. తర్వాత ముందుకు వంగి అసలు మాట చెప్పాడు. అక్టోబరు చివర కాలేజీలకు గ్రేడు వేసే కమిటీ వస్తోంది. కంప్యూటర్ కేటలాగు చూపిస్తే గ్రేడు ఖాయం. గ్రేడు వస్తే ట్రస్టువాళ్లు ఇంకో పోస్టు ఇస్తారు. "అప్పుడు మీ రెండు పనుల్లో ఒకటి ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను. మాటిస్తున్నాను. మీకు చాలా బరువైపోయిందని నాకు తెలీదా?"

రామాంజినప్పకు ఐదేళ్లలో మొదటిసారి ఆయన నవ్వు బాగుందనిపించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్య సుశీలతో చెప్పాడు: కమిటీ వచ్చిపోతే తనకు విడుదల. మళ్లీ పుస్తకాలు, జిగురు, కిటికీలు. ఆమె "చూస్తాం" అని పప్పు తాలింపు వేసింది.

దసరా వచ్చింది. బెంగుళూరులో ఆయుధపూజ అంటే బస్సు నుంచి స్టేప్లర్ దాకా దేన్నీ వదలరు. విద్యాధర కాలేజీలో ఆ బాధ్యత గంగప్పది. పేపరు కత్తిరించే మిషను, ప్రిన్సిపాల్ కారు, టైపురైటర్లు, మైకు, గంట, అన్నిటికీ విభూతి పట్టెలు, గంధం, కుంకుమ, సేవంతి పూలు. గేటు దగ్గర బూడిదగుమ్మడికాయ. అందరికీ బొరుగులు, బెల్లం.

పూజకు ముందురోజు గంగప్ప లైబ్రరీకి వచ్చాడు. యాభై ఏడేళ్ల మనిషి, గంట కొట్టి కొట్టి కుడిభుజం కొంచెం పైకి లేచింది.

"అప్పా, నువ్వు రేపు ఉండవంట. నీ సామాన్లలో వేటికి పూజ చెయ్యాలో చెప్పిపో."

మరునాడు బాగేపల్లిలో సుశీల తమ్ముడి గృహప్రవేశం. రామాంజినప్ప బస్సు తొందరలో ఉన్నాడు. పైగా పోయినేడు గంగప్ప చల్లిన కుంకుమ కీబోర్డులోకి దిగి సంక్రాంతి దాకా రాలుతూనే ఉంది. అందుకే ఈసారి కేటలాగు ఉన్న పెద్ద కంప్యూటర్ని ఆపి, దాని కీబోర్డుకూ డబ్బాకూ మందపాటి ప్లాస్టిక్ కవరు చుట్టి, నాలుగువైపులా టేపు అంటిస్తున్నాడు.

"దీన్ని ముట్టుకోవద్దు గంగన్నా. పూలదండ పైన వెయ్యి, చాలు."

"సరే. ఇంక?"

రామాంజినప్పకు విసుగొచ్చింది. బీరువాలోంచి మూడు సీడీలు తీసి చూపించాడు. కేటలాగు నకళ్లు అవి. ఒకటి పోతే ఒకటి ఉంటుందని మూడు చేసుకున్నాడు. మూడూ ఒకే బీరువాలో, ఒకే అరలో పెట్టుకున్నాడు.

"నా ఐదేండ్ల పని ఈ మూడు బిళ్ళల్లో ఉండాది. నా పానం ఉండేది ఈడ. పూజ చెయ్యాలంటే వీటికి చెయ్యాల. ఆ కార్లకు, మైకులకు సుమ్నే, ఊరికే చేస్తా ఉండావు."

అని, సీడీలు అరలో పడేసి బీరువా తాళం కూడా వేయకుండా బస్సుకు పరుగెత్తాడు. వెటకారంగా అన్న మాట. అన్నవాడు బస్టాండు చేరేలోపే మరిచిపోయాడు. గంగప్ప మరచిపోలేదు. పదకొండేళ్లలో రామాంజినప్ప అతన్ని నమ్మి ఒక పూజ అప్పగించడం అదే మొదటిసారి.

నాలుగు రోజుల సెలవు తర్వాత మంగళవారం పొద్దున రామాంజినప్ప గది తలుపు తీశాడు. లోపల వేడిగాలి, కాలిన ప్లాస్టిక్ వాసన. పెద్ద కంప్యూటర్ డబ్బా మీద దండ వాడి గోధుమరంగుకు తిరిగింది. దాని కింద కవరు మెత్తబడి డబ్బాకు అతుక్కుపోయింది. తెర నల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూస్తే డబ్బా చుర్రుమంది.

అతను ప్రిన్సిపాల్ గదికి నడిచాడు.

"పూజరోజు దాన్ని ఎవరు ఆన్ చేసినారు సార్?"

"నేనేనండీ," అన్నాడు అచ్యుత్ సంతోషంగా. "బ్రోషర్‌కి ఫొటో. స్క్రీన్ వెలగకపోతే చూడ్డానికి పాత టీవీలా ఉందండీ. కవరు మీంచే బటన్ నొక్కాను. చాలా బాగా వచ్చింది ఫొటో, దండతో, దీపంతో."

"ఆపినారా?"

"ఆపకుండా ఎలా ఉంటానండీ. స్క్రీన్ ఆఫ్ చేసే వెళ్లాను."

తెర ఆపితే కంప్యూటర్ ఆగదని ఆ క్షణంలో ఆయనకు చెప్పాలంటే ఐదేళ్ల వెనక నుంచి మొదలుపెట్టాలి. నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ ఆ డబ్బా గాలి ఆడకుండా, తను అంటించిన టేపు లోపలే ఉడికింది. కుంకుమ పడకూడదని కట్టిన కవరు.

సీడీలు ఉన్నాయి కదా అనుకున్నాడు. వెనక్కి వచ్చి బీరువా తెరిచాడు. మూడు సీడీలూ ఒక ఇత్తడి పళ్లెంలో, మూడు తమలపాకుల మీద, బోర్లా పెట్టి ఉన్నాయి. పైనున్న రాత అట్లాగే ఉంది, ఒక్క మరక లేదు. ఒకదాన్ని తీసి తిప్పి చూశాడు. అద్దంలా మెరవాల్సిన వైపు స్టీలు గిన్నె అడుగులా ఉంది. గుండ్రంగా, ఒకే దిక్కున, శ్రద్ధగా తోమిన గీతలు.

"గంగన్నా."

గంగప్ప స్టూలు మీంచి లేచి వచ్చాడు. ముఖంలో ఒక మంచిపని చేసినవాడి తృప్తి.

"ఇదేంది?"

"పూజ చేసినాను కదప్పా. నువ్వు చెప్పిపోతివి."

"కుంకుమ ఈ పక్క ఎందుకు పెట్టినావు?"

"ఆ పక్క నువ్వు రాసిండావు. అక్షరం అంటే సరస్వతి. దాని మీద కుంకుమ పూసేది తప్పు కదా. రాతలేని పక్క చూసి గంధం, కుంకుమ పెట్టినా."

"సరే. ఈ గీతలు?"

"గంధం ఎండిపోయి కరుచుకొనింది. నువ్వు వచ్చినంక బేజారు చేసుకుంటావని, దీపాలు తోమేటప్పుడు వీటిని కూడా బూడిద, కొబ్బరిపీచు పెట్టి తోమినా. మూడూ ఒకే తీరుగా తోమినా. కష్టమే అయిందిలే. చేతిలో నిలవవు, జారతాయి."

రామాంజినప్పకు అరవాలనుంది. నోరు తెరిచాడు కూడా. కానీ ఎక్కడ మొదలుపెట్టినా చివరికి 'నువ్వే చెప్పావు' దగ్గరికే వస్తుంది. పూజ చెయ్యమన్నది తను. మూడూ ఒకేచోట పెట్టింది తను. కవరు కట్టింది తను. ఇంతమంది కలిసి ఇంత మంచి ఉద్దేశంతో ఇంత నాశనం చేస్తే, తిట్టడానికి దొరికింది తనొక్కడే.

గంగప్ప అతని ముఖం చూశాడు. తృప్తి మెల్లగా దిగిపోయింది.

"ఏమైందప్పా?"

"పానం పోయింది గంగన్నా," అన్నాడు రామాంజినప్ప.

కమిటీ రావడానికి పదహారు రోజులుంది. ఆ మధ్యాహ్నమే కంప్యూటర్ లోపలి డిస్కును తువ్వాల్లో చుట్టుకుని ఎస్.పి.రోడ్డుకు వెళ్లాడు. అక్కడ ఒక సందులో, చనిపోయిన కంప్యూటర్ల పొట్టలు కోసి బతికున్నవాటికి అమర్చే మనిషి దానికి కరెంటు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. టక్, టక్, టక్. "ఇది ఇంక అంతే సార్," అని అదే తువ్వాల్లో చుట్టి ఇచ్చేశాడు. సీడీలను మెత్తటి గుడ్డతో, పళ్ల పేస్టుతో రుద్ది రుద్ది చూస్తే రెండు అసలు పలకలేదు. మూడోది గొణిగి, ఆగి, మళ్లీ గొణిగి, మూడువేల వంద పుస్తకాల వివరాలు కక్కి మూగబోయింది.

మిగిలినవి పదకొండువేల వంద.

"ఆ మూడువేలూ చూపిద్దామండీ," అన్నాడు అచ్యుత్. "కమిటీ వాళ్లు ఒకటో రెండో అడుగుతారు. ఏది అడగాలో మనమే అందిద్దాం."

"అది అబద్ధం కదా సార్."

"ప్రెజెంటేషన్ అండీ."

రామాంజినప్ప బయటికి వచ్చేశాడు. లైబ్రరీలో జెస్సీ గడువులోపల పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి నిలబడి ఉంది. అతను జరిగింది చెప్పాడు. ఆమె సీడీని వెలుతురుకు పట్టుకుని చూసింది.

"మా వాళ్లయితే ప్రార్థన చేసి వదిలేస్తారు రామాంజినప్ప గారూ. తోమరు."

"మేడమ్, నాకు నవ్వొచ్చే స్థితి లేదు."

"నాకూ లేదులెండి. అయితే ఎలా చేద్దాం?"

"చేద్దాం అంటే?"

"పుస్తకాలు ఉన్నాయిగా. అవేం కాలిపోలేదుగా. ఒక్కోటి తీసి చదువుతుంటే ఇంకొకరు టైపు చేస్తారు. ఇంతకీ నాది ముందు తీసుకోండి, ఇవాళే గడువు."

దాత ఇచ్చిన మూడు చిన్న కంప్యూటర్లు లైబ్రరీ మధ్యలోకి వచ్చాయి. ఒక్కోదాని ముందు ఒకరు చదివేవాళ్లు, ఒకరు టైపు చేసేవాళ్లు. జెస్సీ తన క్లాసులన్నీ అక్కడే పెట్టింది. సాహిత్యం చదివే పిల్లలు పుస్తకాల పేర్లయినా చదవాలి కదా అంది. గంగప్ప అర తర్వాత అర దింపి, తుడిచి, తెచ్చి, మళ్లీ అదే వరసలో సర్దేవాడు. ఆ పదమూడు రోజులూ అతను స్టూలు మీద కూర్చోలేదు. కాఫీ ఇస్తే తాగలేదు. గంట కొట్టడానికి వెళ్లి వచ్చినప్పుడల్లా చేతులు కడుక్కునేవాడు. "కూర్చో గంగన్నా" అంటే "నేను ఇట్లే బాగుండాను" అనేవాడు. రామాంజినప్పకు ఆ నిలబడటం చూస్తుంటే కోపం ఇంకా పెరిగేది. ఒకరోజు పట్టలేక, "నువ్వు కూర్చోకపోతే నేను ఇంటికి పోతాను" అంటే, వెళ్లి స్టూలు అంచున రెండు నిమిషాలు కూర్చుని లేచాడు.

అర్థశాస్త్రం అరలో పనిచేస్తున్న రోజున రామాంజినప్పకు ఒక సంగతి తోచింది. ఐదేళ్లుగా అతను పుస్తకాల పేర్లను తెర మీద చూశాడే గాని, పుస్తకాలను చూడలేదు. ఇప్పుడు ఒక్కోటి చేతికి వస్తోంది. తను 1994లో కట్టిన అట్టలు ఇంకా ఊడలేదు. మైలుతుత్తం వేసిన జిగురును ఒక్క పురుగూ ముట్టలేదు. మూడో అరలో కొన్నిటికి వెన్ను విరిగింది, వాటిని పక్కకు పెట్టాడు, కమిటీ పోయాక కూర్చుని కుట్టాలని. ఇంకొన్ని అసలు కనబడలేదు. వాటిలో యాభై మూడు ఎక్కడున్నాయో అతనికి తెలుసు. తత్వశాస్త్రం లెక్చరరు గదికి వెళ్లి, అన్నిటినీ రెండు గోనెసంచుల్లోకి సర్దాడు. "ఇదేమిటండీ" అని ఆయన అడిగితే, "ఇది ఎవరిది అనే ప్రశ్నే తప్పు సార్" అని వచ్చేశాడు. ఆరోజు అతనికి మధ్యాహ్నం భోజనం రుచించింది.

సాంకేతిక సేవలు మాత్రం ఆగలేదు. మధ్యలో ప్రిన్సిపాల్ గది ప్రింటర్ కాగితం నమిలింది. సంగీతం వాళ్ల టేప్‌రికార్డర్ పాట మింగింది. ప్రతిసారీ లేచి వెళ్లి, బాగుచేసి, పళ్లు నూరుతూ వచ్చి కూర్చునేవాడు. ఇంకొన్నాళ్లే అనుకునేవాడు. ఈ మాట పదమూడు రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నాడో.

కమిటీ రావడానికి రెండు రోజుల ముందు ఆఖరి పుస్తకం ఎక్కింది. నకలు ఒకటి జెస్సీ ఇంట్లో, ఒకటి సుశీల బియ్యం డబ్బా పైన, ఒకటి లైబ్రరీలో పెట్టించాడు. మూడోదాని మీద గంగప్ప కోసం పెద్ద అక్షరాలతో 'ముట్టరాదు' అని రాశాడు.

కమిటీలో ముగ్గురు. పెద్దావిడ మైసూరులో చరిత్ర చెప్పి రిటైరైన ప్రొఫెసరు. అచ్యుత్ అందించిన పేర్ల కాగితాన్ని ఆమె మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని, తనకు తోచిన నాలుగు పుస్తకాలు అడిగింది. నాలుగూ తెర మీద దొరికాయి, అరలోనూ దొరికాయి. అచ్యుత్ నవ్వు చెవులదాకా సాగింది. అప్పుడావిడ తెర దగ్గరికి వంగింది.

"ఇదేమిటి, ఐదేళ్లుగా చేస్తున్నామని రిపోర్టులో రాశారు. ఎంట్రీ తేదీలు చాలావరకు ఈ అక్టోబరులోనే ఉన్నాయే?"

అచ్యుత్ గొంతు సవరించుకున్నాడు. "అది, సిస్టమ్ అప్‌గ్రేడ్—"

"అప్‌గ్రేడ్ కాదు మేడమ్," అన్నాడు రామాంజినప్ప. కవరు, బటను, గంధం, కొబ్బరిపీచు, తను అన్న వెటకారం, అన్నీ చెప్పాడు. గంగప్ప పేరు చెప్పలేదు, "మేము" అన్నాడు. ఆవిడ అతన్ని చూసింది. తర్వాత వాకిట్లో, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడ్డ గంగప్పను చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ భుజాలు కదిలేలా నవ్వింది.

"పదమూడు రోజుల్లో పదకొండువేలు చేశారా?"

"అందరూ చేసినారు మేడమ్."

ఆవిడ నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

డిసెంబరులో గ్రేడు వచ్చింది. మంచి గ్రేడే. అచ్యుత్ రామాంజినప్పను పిలిపించి, కుర్చీ చూపించి, బాదుషా పెట్టాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదటిసారి.

"నేను మాట తప్పే మనిషిని కాదండీ. పోస్టు వచ్చింది. జనవరి నుంచి మీ రెండు పనుల్లో ఒకటి ఇంకొకళ్లది."

"చాలా సంతోషం సార్."

"శ్రీజ అని, కర్నూలు అమ్మాయి. లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్. లైబ్రరీ ఆవిడ చూసుకుంటుంది. మీరు ఇక ఫుల్‌టైమ్ టెక్నాలజీ." ఒక కాగితం తిప్పి చూపించాడు. "కమిటీ రిపోర్టులో మీ గురించి ఏం రాశారో చూడండి. 'అసాధారణ సాంకేతిక సామర్థ్యం.' ఈ పేరా వల్లే పోస్టు వచ్చింది."

రామాంజినప్ప సగం తిన్న బాదుషాను ప్లేటులో పెట్టాడు.

"సార్, నేను బయటపడాలనుకునింది కంప్యూటర్ల నుంచి."

"ఎప్పుడు చెప్పారండీ?"

ఎప్పుడు చెప్పాడు? ఐదేళ్లుగా ప్రతిరోజూ, ముఖంతో, నడకతో, తలుపు వేసే తీరుతో చెప్పాడు. నోటితో చెప్పలేదు.

"కంప్యూటర్లకు మనిషిని తెచ్చుకోండి సార్. లైబ్రరీ నేను చూసుకుంటాను."

"ఎవరొస్తారండీ? మనమిచ్చే జీతానికి కంప్యూటర్ తెలిసిన కుర్రాడు వస్తే మూడు నెలల్లో కంపెనీకి ఎగిరిపోతాడు. లైబ్రరీ వాళ్లయితే ఎక్కడికీ పోరు." ఆయన చాలా మామూలుగా అన్నాడు. ఎదుటి మనిషి లైబ్రరీ వాడని ఆ నిమిషంలో గుర్తులేదు. "ఆలోచించుకోండి. సోమవారం ఆర్డర్ పంపాలి."

ఇంటికెళ్లి సుశీల ముందు ఆ కోపమంతా కక్కాడు. ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ చివరిదాకా విన్నది.

"రెండింట్లో ఒకటి తీసేస్తామన్నారు, తీసేసినారు. ఏది తియ్యాలో నువ్వు చెప్పినావా?"

"అది చెప్పాలా? ఎవరికైనా తెలుస్తాది."

"నాకు తెలుస్తాది. రోజూ నీ మొహం చూసేది నేను. ఆయన చూసేది నువ్వు బాగుచేసిన ప్రింటర్ని. వద్దనుకునే పని పోవాలంటే స్వల్ప చెడ్డగా చెయ్యాలప్పా. నువ్వు దాన్నీ బాగా చేస్తివి."

"చెడ్డగా ఎట్ల చేస్తారు?"

"అదే నీ ఖర్మ," అని ఆమె గింజల గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

శని, ఆదివారాలు అతను ఇంట్లోనే ఉన్నాడు. కొత్తగా వచ్చే ఆ కర్నూలు పిల్ల మూడో అరలో వెన్ను విరిగిన పుస్తకాలను ఏం చేస్తుందో అని ఆలోచించాడు. బయట బైండింగుకు పంపుతుంది. వాళ్లు అంచులు కోసి, ఫెవికాల్ పూసి పంపుతారు. రెండేళ్లకు ఊడతాయి. ఆ పిల్ల తప్పేం కాదు. చదువుకున్న పిల్ల, పద్ధతిగానే చేస్తుంది. ఎంత ఆలోచించినా అతనికి ఆ పిల్ల మీద కోపం రాలేదు, అందుకే ఇంకా విసుగొచ్చింది.

సోమవారం తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ అమ్మాయికి ఆర్డర్ పంపినారా సార్?"

"ఇంకా లేదండీ. సంతకం పెట్టబోతున్నాను."

"పెట్టొద్దు. రెండూ నేనే చూసుకుంటాను."

అచ్యుత్ పెన్ను కింద పెట్టాడు. "బరువైపోయింది కదండీ?"

"బరువే సార్."

"మళ్లీ ఆరు నెలలకు వచ్చి మొహం ముడుచుకోకూడదు."

"ముడుచుకుంటాను సార్. అది నా చేతిలో లేదు. పని మాత్రం చేస్తాను."

అచ్యుత్ పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత ముఖం విప్పారింది. "అయితే ఆ పోస్టు మ్యూజిక్ వాళ్లకి ఇచ్చేద్దామండీ. మృదంగం టీచర్ కావాలని ఎప్పట్నుంచో పోరుతున్నారు. అందరూ హ్యాపీ." తలుపు దగ్గరికి వెళ్లిన రామాంజినప్పను ఆపి, "వెళ్తూ వెళ్తూ ఆ ప్రింటర్ ఒకసారి చూడరూ," అన్నాడు.

చూశాడు. లోపల ఇరుక్కున్న కాగితం తీసి, ఉండచుట్టి బుట్టలో వేసి, మెట్లు దిగి లైబ్రరీకి వచ్చాడు. మూడో అర ముందు కూర్చుని, పక్కకు పెట్టిన పుస్తకాల్లో మొదటిదాన్ని తీసి దాని వెన్ను దారం తెంచడం మొదలుపెట్టాడు. మామూలు కంటే గట్టిగా లాగుతున్నాడు. జెస్సీ పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి కాసేపు చూసింది.

"ఏమంటారు పైన?"

"రెండూ నావేనంట."

"అన్యాయమండీ. ఇంత చేసినవాళ్లకి. మరి మీరేమన్నారు? గట్టిగా అడగాల్సింది."

"గట్టిగానే అడిగినాను మేడమ్. ఇచ్చేసినారు." దారం పుటుక్కున తెగింది. "అందుకే కదా ఇంత కోపం."